ప్లగ్గు మాస్టారి లిఫ్టు పాఠం

మా బడిలో సైన్సు చెప్పే మాస్టారికి ప్లగ్గు మాస్టారని పేరు పెట్టింది పిల్లలు కాదు, నేనే. ఆయన ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు పిల్లల మొహాలు చూడరు, గోడల కింది భాగం చూస్తారు. ప్లగ్గు ఎక్కడుందో చూసుకుని, సంచిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి, బెంచీల కింద వంగి వంగి ఆ తెల్లటి వైరు పరిచి, నడుం పట్టుకుని పైకి లేచి, "ఊఁ, కూర్చోండి" అంటారు. అప్పటికే కూర్చుని ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఒకరోజు స్టాఫ్ రూములో నోరు జారి ఆ మాట అన్నాను. వారం తిరిగేసరికి బడి మొత్తానికి ఆయన ప్లగ్గు మాస్టారే. విషయం తెలిసి కూడా ఆయన ఏమీ అనుకోలేదు. పైగా పట్టుబట్టి నా తరగతి గదిలో కొత్త ప్లగ్గు ఒకటి పెట్టించారు. నేను దాన్ని ఎన్నడూ వాడలేదు.

నేను భాష చెప్తాను. ఇరవై రెండేళ్లుగా చాక్‌పీసుతోనే నెట్టుకొస్తున్నాను. నాకు ముక్కు మీదే కోపం. ఇదంతా జరగడంలో ఆ కోపానికీ వాటా ఉంది గనక ముందే ఒప్పేసుకుంటున్నాను.

మూడేళ్ల కిందట ఎనిమిదో తరగతి గదిలో గోడకు పెద్ద తెర బిగించి, పిల్లలకు తలా ఒక ట్యాబు ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లకూడదు. సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ట్యాబులో పాఠమంటే ఒక వీడియో, దాని చివర ఒక ప్రశ్న. సరైన జవాబు నొక్కితే పాఠం పేరు పక్కన పచ్చ గుర్తు మాత్రం మిగిలి, వీడియో ట్యాబులోంచి వెళ్లిపోతుంది. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు పడి, వీడియో మళ్లీ మొదటి నుంచి వస్తుంది. అర్థం కానివాళ్లు మళ్లీ వింటారు కదా అని కంపెనీ వాళ్లు అలా పెట్టారు. వీడియోల్లో కోటు వేసుకున్న ఒకాయన రెప్ప కూడా వెయ్యకుండా మాట్లాడేవాడు. పిల్లలు ఆయన్ని వారం రోజులు భరించారు. ఆ తరవాత సౌండు తగ్గించేసి, ఉన్న జవాబులన్నీ వరసగా నొక్కి పచ్చ గుర్తు తెచ్చుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు.

నేనైతే 'నేను చెప్తే విన్నారా' అని సంబరపడ్డాను. మాస్టారు మాత్రం సంబరపడలేదు, బాధపడ్డారు. ఒకరోజు తరగతిలో అందరికీ చీటీలు పంచి, "మీకు బాగా ఇష్టమైంది ఏదో రాయండి. సైన్సుకి సంబంధం లేకపోయినా పర్లేదు" అన్నారు. ఫుట్‌బాల్ అని తొమ్మిది మంది రాశారు. ఒకమ్మాయి మా పిన్ని బ్యూటీ పార్లరు అని రాసింది. ఒకడు మా కుక్క అన్నాడు. ఇంకొకడు, వాడి ధైర్యానికి మెచ్చుకోవాలి, పడుకోవడం అని రాశాడు.

ఆ చీటీలన్నీ ఆయన ఒక నోటుబుక్కులో అంటించుకున్నారు. ఆదివారాలు ఆ ఇళ్లకూ దుకాణాలకూ పోయి తన ఫోనుతో వీడియోలు తీసి, చివర ఒక ప్రశ్న చేర్చి, కోటు ఆయన పాఠాలకు బదులు ట్యాబుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. బంతిలో గాలి ఎక్కిస్తూ గాలి ఒత్తిడి చెప్పించారు. పిన్ని చేత హెయిర్ డ్రయ్యరు పట్టించి వేడి గురించి చెప్పించారు. పడుకునేవాణ్ణి పడుకోబెట్టి, వాళ్లమ్మ చేత నిమిషానికి వాడు ఎన్నిసార్లు ఊపిరి తీస్తాడో లెక్కబెట్టించారు. తెర మీద తన నిద్రమొహం చూసుకుని వాడే అందరికంటే గట్టిగా నవ్వాడు. ఊపిరితిత్తుల పాఠం ఆ తరగతిలో రానివాళ్లు లేరు. ఇది నా కళ్లతో చూశాను గనక కాదనలేను. అప్పుడు మాత్రం పైకి ఒప్పుకోలేదు.

ఆ చీటీల్లో ఒకదాని మీద 'లిఫ్టు' అని మాత్రమే ఉంది. రాసిన పిల్ల చివరి నుంచి రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడదు, అడిగినా సగమే మాట్లాడుతుంది. తోటి పిల్లలు ఆమెను మ్యూట్ అని పిలిచేవారు. వాళ్ల నాన్న లిఫ్టు మెకానిక్.

మాస్టారు ఆ మెకానిక్కును వెతుక్కుంటూ పోయి, తొమ్మిదంతస్తుల భవనం పైన మోటారు ఉండే గదిలో పన్నెండు నిమిషాల వీడియో తీశారు. నేనూ దాన్ని చూశాను. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న పొట్టి మనిషి. ఏదైనా చూపించాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు చెయ్యి గుడ్డతో తుడుచుకుని అప్పుడు చూపిస్తాడు. కెమెరాకు అవతల కూతురు నిలబడి ఉందన్నది అతని చూపులోనే తెలుస్తుంది.

"చూడు తల్లీ, ఈ తాడుకి ఈ పక్కన మనం ఎక్కే డబ్బా ఉంటది. ఆ పక్కన ఎదురు బరువు. ఎనిమిది మంది ఎక్కే లిఫ్టనుకో. ఖాళీ డబ్బా బరువు ఎంతో, దానిమీద నలుగురు మనుషుల బరువు ఎంతో, అంతా కలిపి ఆ పక్కన వేలాడదీస్తాం. మోటారు మనల్ని మొయ్యదు తల్లీ. ఈ పక్కకీ ఆ పక్కకీ ఉన్న తేడా ఉంది చూడు, దాన్ని మోస్తది, అంతే. ఏం తల్లీ, తెలిసిందా?"

ప్రతి రెండు మాటలకూ ఒకసారి అలా అడిగేవాడు. చివర మాస్టారు పెట్టిన ప్రశ్న ఇది: ఈ లిఫ్టులో ఎందరు ఎక్కితే రెండు పక్కలా బరువు సమానం? ఎవరూ ఎక్కకపోతేనా, నలుగురా, ఎనిమిది మందా?

వీడియో పెద్ద తెర మీద వేసిన రోజు ఆ పిల్ల తనంతట తానే లేచింది. కిటికీ ఊచ మీదుగా తాడు వేసి, రెండు కొసలకూ రెండు పుస్తకాల సంచులు కట్టి, ఒక్క వేలితో పైకీ కిందికీ ఆడించి చూపిస్తూ గడగడా చెప్పుకుపోయింది. "మ్యూట్ పోయింది సార్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ రోజు స్టాఫ్ రూములో మాస్టారి మొహం చూడాల్సిందే. టీ చల్లారిపోతున్నా తాగకుండా అందరికీ అదే చెప్పారు. మిగతా పిల్లలంతా ఆ వారంలోనే నలుగురు అని నొక్కి పచ్చ గుర్తులు తెచ్చుకున్నారు. ఆ పిల్ల మాత్రం నొక్కలేదు. "మా నాన్న పాఠం సార్, ఆఖర్న నొక్కుతా" అంది. మాస్టారు నవ్వి సరే అన్నారు.

రెండు నెలల తరవాత ఆ మెకానిక్ చచ్చిపోయాడు. లిఫ్టులో పడి కాదు. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు ఆసుపత్రి, ఐదో రోజు మనిషి లేడు. అంతే. మోటారు గదుల్లో ఇరవై ఏళ్లు జాగ్రత్తగా బతికిన మనిషి అలా పోయాడు. పదిహేను రోజుల తరవాత ఆ పిల్ల బడికి వచ్చి, మళ్లీ గోడ పక్కన కూర్చుంది.

నా పీరియడులో ట్యాబులు బయటికి తియ్యకూడదని నియమం. నెల దాటాక ఒకరోజు పద్యం చెప్తూ వెనక్కి నడిచేసరికి ఆ పిల్ల ఒళ్లో ట్యాబు, ఒక చెవిలో ఇయర్‌ఫోను. నాకు ఒళ్లు మండిపోయింది. లాక్కోబోయి చూస్తే ట్యాబులో వాళ్ల నాన్న, చెవి వెనక ఆ పెన్సిలుతో కనిపించాడు. వీడియో అయిపోయింది, ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల తడుముకోకుండా ఎనిమిది మంది అని నొక్కింది. ఎర్ర గుర్తు పడింది. వాళ్ల నాన్న మళ్లీ చెయ్యి తుడుచుకుంటూ, చూడు తల్లీ అని మొదలుపెట్టాడు. నేను అక్కడి నుంచి ముందుకొచ్చేసి, చెప్పిన పద్యమే మళ్లీ చెప్పాను.

బెల్లు కొట్టాక వరండాలో ఆపి అడిగాను.

"సరైన జవాబు నీకు తెలుసు కదే?"

"తెలుసు టీచర్. నలుగురు."

"మరి?"

"నలుగురు నొక్కితే అయిపోతుంది టీచర్."

ఆ పిల్ల ఏడవలేదు, నేల చూస్తూ మెల్లగా చెప్పింది. "నాన్న ఫోన్లో మా ఫొటోలే ఉన్నాయి టీచర్. ఎప్పుడూ తనే తీసేవాడు. నాన్న మాట ఎక్కడా లేదు. అమ్మకి ఈ వీడియో సంగతి తెలీదు. సోమవారం తల్లిదండ్రుల మీటింగు ఉంది కదా, అప్పుడు అమ్మకి వినిపిస్తా. సార్‌కి చెప్పకండి టీచర్. చెప్తే సాయం చేసేస్తారు."

చెప్పనని మాటిచ్చాను. ఎలాగూ మాస్టారి ఫోనులో అసలు వీడియో ఉండే ఉంటుందిలే అనుకున్నాను. ఆయన ఏదీ పారేసే మనిషి కాదు, కాగితం చీటీలు కూడా అంటించి దాచుకునే మనిషి. ఆ నమ్మకంతోనే నిశ్చింతగా ఉన్నాను.

ఆ గురువారమే మాస్టారు నా పీరియడు అడిగారు. ఆ నెలలో అది మూడోసారి. ఏదో వీడియో తియ్యాలట, మధ్యాహ్నం వెలుతురు బాగుంటుందట. స్టాఫ్ రూములో అందరి ముందూ ఒంటికాలి మీద లేచాను.

"మాస్టారూ, మీరు పాఠాలు చెప్పడం మానేసి సినిమాలు తీస్తున్నారు. పిల్లలకి ఇష్టమైందే మీరు చెప్పుకుంటూ పోతే ఇష్టం లేనిది ఎవరు చెప్పాలి? నేనా?"

"ఇష్టమైన దాన్ని పట్టుకునే కదండీ ఇష్టం లేనిదాంట్లోకి తీసుకెళ్లాలి" అన్నారాయన, తగ్గి.

"తీసుకెళ్లండి. నా పీరియడు మాత్రం ఒదిలెయ్యండి."

భోజనం డబ్బా తీసుకుని కిటికీ దగ్గరి బల్లకు మారిపోయాను. నేనన్నదాంట్లో న్యాయం కొంత ఉంది. దాని మీద పెట్టిన ఉప్పూ కారం మాత్రం నావే. ఆయన వీడియోలకు పిల్లలు ఎగబడుతుంటే నా పద్యాలకు ఆవలిస్తున్నారన్నది నా అసలు మంట.

మర్నాడు శుక్రవారం. మా పెద్ద మేడమ్ ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఏ పాఠంలోనైనా నెల రోజులు దాటి ఎర్ర గుర్తు మిగిలిపోయిన పిల్లల్ని వెనక షెడ్డులోని సెక్షనుకు మార్చేస్తారు. అక్కడ తెర లేదు, ట్యాబుల్లేవు, కిటికీ కూడా ఒక్కటే. అంతకుముందు షెడ్డుకు పోయిన పిల్లలు ఏడాది తిరక్కుండానే బడి మానెయ్యడం మేమంతా చూశాం. ఆ జాబితా సాయంత్రం నాలుగింటికల్లా ఆవిడ బల్ల మీద ఉండాలి.

మూడున్నరకు మాస్టారు చేతిలో కాగితంతో నా బల్ల దగ్గరికి వచ్చారు. నాతో మాటల్లేకపోయినా వచ్చారు. నేను తల ఎత్తకుండా నోటుబుక్కులు దిద్దుతున్నాను.

"టీచర్ గారూ, ఒక్క మాట. మన లిఫ్టు అమ్మాయి ఏడో పాఠంలో, అదే వాళ్ల నాన్న లిఫ్టు పాఠంలో, అరవై మూడుసార్లు తప్పు నొక్కింది. సంచులు కట్టి చూపించిన పిల్లండీ! నాన్న పోయేసరికి వచ్చింది కూడా మర్చిపోయిందంటారా? మీ క్లాసులో ఎలా ఉంటోంది?"

అప్పుడు చెప్పాల్సింది. సగం మాట చెప్పినా సరిపోయేది. నేను ఎర్ర పెన్నుతో ఒక తప్పు చుట్టి, "మీ మిషన్నే అడగండి మాస్టారూ, దానికి అన్నీ తెలుసు కదా" అన్నాను. పిల్లకిచ్చిన మాట కోసం అలా అన్నానని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ఆయన్ని ఒక పోటు పొడవాలని అన్నాను. ఆయన కాగితం మడుచుకుని వెళ్లిపోయారు.

ఆయనకు దోవ ఒకటే కనిపించింది. టీచరు తన ట్యాబులోంచి పిల్లల జవాబు సరిచెయ్యవచ్చు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎవరికీ ఒక్క మార్కు ఊరికే వెయ్యని మనిషి, ఆ రోజు నాలుగింటికి పది నిమిషాల ముందు ఆ పిల్ల పేరు పక్కన ఎనిమిది మంది తీసేసి నలుగురు అని పెట్టారు. పచ్చ గుర్తు పడింది. జాబితాలోంచి పేరు పోయింది. పిల్లను షెడ్డు నుంచి తప్పించానని ఆయన ఆ శనాదివారాలు తృప్తిగా ఉన్నారట. తరవాత తానే చెప్పారు.

సోమవారం మీటింగుకు ఆ పిల్ల తల్లి వచ్చింది. సన్నటి మనిషి, చేతిసంచి గుండెలకు అదుముకుని బెంచీ చివర కూర్చుంది. ఆ పిల్ల బీరువాలోంచి ట్యాబు తెచ్చి తల్లి పక్కన చేరి, ఒక ఇయర్‌ఫోను తల్లి చెవిలో పెట్టి, రెండోది తన చెవిలో పెట్టుకుంది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే అది చూడడానికే ఆ గదికి వచ్చాను.

ఏడో పాఠం దగ్గర పచ్చ గుర్తు ఉంది. దాని మీద నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. పాఠాలన్నీ పైకీ కిందికీ జరిపి చూసింది. తల్లి ఓపిగ్గా చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఏంటే, ఏం వినపడట్లేదు?" అంటోంది. ఇంతలో మాస్టారు నవ్వుతూ వచ్చి, "మీ అమ్మాయి పాఠాలన్నీ పూర్తయ్యాయమ్మా. నేనే సరిచేశా, దిగులు పెట్టుకోకండి" అన్నారు.

ఆ పిల్ల లేచి నిలబడింది.

"నేను తప్పు చెప్తాను సార్, మళ్లీ పెట్టండి."

మాస్టారికి అర్థం కాలేదు.

"ఎనిమిది మంది సార్. ఎనిమిది మంది. నాకు రాదు సార్, తప్పు పెట్టండి. మళ్లీ రావాలి సార్, అమ్మ వినలేదు."

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆ మొహం నేను జన్మలో మర్చిపోలేను. గబగబా తన ట్యాబు తీసి, పచ్చ గుర్తు తియ్యబోయారు. అది పోలేదు. గోడ పక్కకు పోయి కంపెనీకి ఫోను చేశారు. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, తరగతిలో అందరూ పూర్తి చేసిన పాఠాన్ని చోటు కోసం తీసేస్తామని చెప్పింది. చివరి పిల్లది శుక్రవారం పూర్తయిందట. "మీ తరగతి నూటికి నూరు శాతం సాధించింది, అభినందనలు సార్" అని కూడా అంది. ఫోనులో అసలు వీడియో ఏదని నేనే వెళ్లి అడిగాను. కొత్త పాఠాలు తియ్యడానికి చోటు చాలక పాతవన్నీ తీసేశానన్నారు. బడి దగ్గర భద్రంగా ఉంటాయి కదా అనుకున్నారట. ఆ సాయంత్రమే ఫోన్లు బాగుచేసే రెండు దుకాణాలకు తిరిగారు. పోయినవాటి మీద కొత్తవి ఎక్కేశాయి, ఇక రావని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

నాకు ముందే తెలుసని మర్నాడు ఆయనకు చెప్పేశాను. అరుస్తారనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను. "శుక్రవారం చెప్పాల్సింది టీచర్ గారూ" అన్నారు, అంతే. ఆ తరవాత ఆయన వీడియోలు తియ్యలేదు. చీటీల నోటుబుక్కు బీరువా అడుగున పడింది. కోటు ఆయన మళ్లీ తెర మీదికి వచ్చాడు. పిల్లలు మళ్లీ కిటికీలోంచి చూస్తున్నారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు స్టాఫ్ రూములో ఒక మూల దుమ్ము పట్టింది. ఇప్పుడు గదిలోకి వస్తే ఆయన గోడల కింద చూడడం లేదు, పిల్లల మొహాలూ చూడడం లేదు. పేరు పెట్టిన నోటితోనే ఆయన్ని ప్లగ్గు మాస్టారని పిలవాలంటే నాకు సిగ్గేస్తోంది.

ఏడాది చివరి పరీక్షలో ఆయన అదే ప్రశ్న ఇచ్చారు, నాలుగు మార్కులకు. ఎందుకిచ్చారో నేను అడగలేదు. దిద్దేటప్పుడు ఒక పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. ఎదురు బరువు ఏమిటో, దాన్ని ఎలా లెక్క కడతారో, మోటారు తేడాను మాత్రమే ఎందుకు మోస్తుందో ఆ పిల్ల పేజీన్నర రాసింది. అందులో ఒక్క తప్పు లేదు. చివర ఎందరు ఎక్కితే సమానమో రాయాల్సిన చోట, గుండ్రటి అక్షరాలతో 'ఎనిమిది మంది' అని రాసి, కింద గీత గీసింది.

"ఏం చెయ్యమంటారు?" అన్నారు మాస్టారు.

"తప్పు పెట్టండి" అన్నాను.

ఆయన ఎర్ర పెన్ను తీసుకుని దాని పక్కన ఇంటూ గుర్తు పెట్టారు. పేపర్లు పంచిన రోజు నేను ఆ గది ముందు నుంచి వెళ్తూ ఆగాను. ఆ పిల్ల తన పేపరు తిరగేసి, ఆ ఎర్ర గుర్తు వెతికి పట్టుకుంది. దాని మీద ఒకసారి వేలు పెట్టి, తల ఎత్తి గోడ మీది తెర వైపు చూసింది. బెల్లు కొట్టి పిల్లలంతా బయటికి పోయేదాకా అలా చూస్తూనే కూర్చుంది.